పిప్పరమెంట్ల పక్క సీసా

ఎనభైల్లో మాట. మూకండపల్లిలో మా అంగడి ఫ్యాక్టరీలకు పోయే దారిలోనే ఉండేది. బల్ల మీద పిప్పరమెంట్ల సీసా, దాని పక్కనే ఎరుపూ పసుపూ క్యాప్సూళ్ల సీసా. వేలు తెగినా, కాలికి మేకు దిగినా జనం మా దగ్గరకే వచ్చేవాళ్లు. క్యాప్సూల్ విరిచి పొడి పుండు మీద చల్లుకోవడం, ఇంకొకటి మింగి షిఫ్టుకు పోవడం. మా ఇంట్లోనూ అంతే.

ఆ ఏడు మా అమ్మాయి వసంతలక్ష్మికి మోకాలి కింద సెగ్గడ్డ లేచింది. పొడి చల్లాం, మింగించాం. తగ్గలేదు సరికదా, తొడ దాకా ఎర్రగా పాకి, పిల్ల జ్వరంలో పలవరించింది. బస్సెక్కించి కృష్ణగిరిలో ఒక డాక్టరమ్మకు చూపించాను.

"ముందు యాడన్నా ఆసుపత్రిలో పెట్టినారా?"

"లేదమ్మా, ఆసుపత్రి గడప తొక్కడం ఇదే మొదలు."

"అయితే మీ వీధిలోనే అంటుకునింది. మందు అరకొరగా వాడీ వాడీ ఆడుండే క్రిములు మొండికేసినాయి. ఈ మందుకు చావవు. వేరే సూది వేస్తా. దీనికీ మొండికేస్తే నా చేతిలో ఏమీ లేదు."

సూది పనిచేసింది. పిల్ల లేచి ఇడ్లీ అడిగింది. ఆ ఆఖరి మాట మాత్రం నా చెవుల్లోంచి పోలేదు. ఇంటికి రాగానే క్యాప్సూళ్ల సీసా తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేశాను.

"ఏమే, అంగడి మూయిస్తావా? మనం ఇయ్యకుంటే ఎదురుగా గంగప్ప ఇస్తాడు" అన్నాడు మా ఇంటాయన శ్రీరంగయ్య.

"ఇయ్యనీ. ఈ ఇంట్లోనించి మాత్రం పోదు."

మొదట వచ్చింది ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసే రామచంద్రప్ప. అరచెయ్యి తెగి నెత్తురు కారుతోంది.

"అమ్మా, ఒకటియ్యి, షిఫ్టుకు టైమైంది."

"ఇయ్యను. చెయ్యి ఇట్ల పెట్టప్పా."

సబ్బుతో కడిగి ఉతికిన గుడ్డ కట్టాను. "డాక్టరు కాడికి పో, కుట్లు పడాల."

"ఓహో! ఉప్పూ పప్పూ అమ్మే నువ్వు డాక్టరమ్మవైపోయినావే!"

"నా బిడ్డకు మిగిలింది ఆ ఒక్క సూదేనప్పా. మీరిట్ల అరకొరగా మింగీ మింగీ దాన్నీ చెడగొడతారా?"

విసురుగా రోడ్డు దాటి గంగప్ప అంగడికి పోయాడు. నేను ఊరుకుంటానా? చెప్పులైనా వేసుకోకుండా వెనకే పోయి, అంగడి ముందు బల్ల మీద కూర్చున్నాను. గంగప్ప అప్పుడే సీసా మూత తీస్తున్నాడు.

"ఏమక్కా, ఈడికొచ్చినావు?"

"నీ బేరం చెడగొట్టేదానికి. నీ కూతురు మా వసంతతోనే కదా ఆడేది? దాని కాలు చూసినావు కదా?"

గంగప్ప చెయ్యి మూత మీదే ఆగిపోయింది.

"నా షిఫ్టు పాయె!" అని రామచంద్రప్ప తల కొట్టుకున్నాడు.

"పోతే పోనీ, చెయ్యన్నా మిగులుతుంది. అదో బస్సొస్తాంది, ఎక్కు."

తిట్టుకుంటూనే ఎక్కాడు. గంగప్ప మూత బిగించాడు.

"ఈపొద్దుకు సరేలేక్కా. మరి రేపో?"

"రేపూ వస్తా. నీ బల్ల నాకు బాగానే కుదిరిందప్పా."