వార్తలాయన మొహం

రేడియోలో వార్తలు చదివే ఆ గొంతు వింటే ఎవరికైనా ఒక ఆరడుగుల మనిషి కళ్లముందు నిలబడతాడు. విశాలమైన నుదురు, గుబురు మీసం, ఎప్పుడోగానీ నవ్వని పెదవులు. అలాంటి మనిషి ఎక్కడా లేడు, కానీ ఊరందరికీ బాగా తెలుసు. అసలు మనిషికి బస్సులో పైనున్న కడ్డీ అందదు. బుగ్గలు లోపలికి పోయి, చెవులు బయటికి వచ్చి, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నవాడిలా ఉంటాడు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన కుటుంబంతో సహా రేడియో స్టేషనుకి వచ్చి, గేటు దగ్గర ఈయన్నే ఆపి, "వార్తలు చదివే సారు లోపలున్నారా? ఒక్కసారి చూసి పోతాం" అన్నాడు. "నేనేనండీ" అన్నాడు ఈయన. వచ్చినవాళ్ల మొహాలు దీపం ఆర్పినట్టు అయిపోయాయి. వచ్చినాయన మర్యాదస్తుడు కాబట్టి "చాలా సంతోషం" అన్నాడు. అతని భార్యకి ఆ మాత్రం మొహమాటం కూడా లేకపోయింది. "ఈయన కాదులెండి, పదండి" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. వార్తలాయన నోరు బంగారమే, ఊరూ మంచిదే, మధ్యలో ఈ మొహం ఒకటి అడ్డొచ్చింది. అప్పట్నుంచి ఆయన బయట మాట్లాడడం తగ్గించేశాడు.

సెలూనులో ఏకంగా మూగవాడే అయిపోయాడు. మొదటిసారి వెళ్లిన రోజు జలుబుతో గొంతు పట్టేసి ఉంది. గడ్డం తడిమి చూపించి సైగ చేశాడు. బార్బరు జాలిపడి, మీసం ఉంచాలా అని తనూ సైగతోనే అడిగాడు. రెండోసారి వెళ్లేసరికి "రా బాబాయ్" అంటూ కుర్చీ తుడిచి, పక్కవాళ్లతో "పాపం, మాటలు రావు" అని చెప్పేశాడు. అంత ఆదరంగా చెప్పాక కాదనడానికి ఈయనకి మనసొప్పలేదు. అబద్ధమాడలేదు, నోరు విప్పలేదంతే. ఏళ్లు గడిచాక ఇక విప్పే దారి లేకపోయింది.

బార్బరుకి రేడియో అంటే ప్రాణం. అద్దం పక్కన పౌడరు డబ్బాల మధ్య అది రోజంతా మోగుతూనే ఉంటుంది. "మా వార్తలాయన చదివితే ఎంత చెడ్డ కబురైనా తట్టుకోవచ్చనిపిస్తుంది బాబాయ్. ఆరడుగులకి తగ్గడు, రాసిస్తా" అనేవాడు. బాబాయ్ సబ్బు నురగలోంచి బుద్ధిగా తలూపేవాడు.

మూగవాడి దగ్గర దాపరికం దేనికి? తమ్ముడితో పొసగడం లేదని చెప్పుకున్నాడు. "ఈమధ్య కత్తి పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది, బయటికి తెలిస్తే ఎవడు మెడ పెడతాడు" అని, ఆ చెయ్యి చాపి చూపించాడు కూడా. తల్లి పోయినప్పుడు సగం గీసిన గడ్డం వదిలేసి, ఈయన భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఈయన వీపు నిమిరాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాటని మింగేశాడు.

తన గొంతునీ, తన మొహాన్నీ ఇంతగా ఇష్టపడ్డ మనిషి లోకంలో ఇతనొక్కడే. కాకపోతే విడివిడిగా.

ఇలా ఉండగా డాక్టరు పిడుగులాంటి మాట చెప్పాడు. గొంతులో ఉన్నది మంచి గడ్డ కాదు, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. ప్రాణానికి భయం లేదు గానీ మాట ఇక ఉండదు. ఆపరేషనుకి ముందురోజు మెడ నున్నగా గీయించుకుని రమ్మన్నాడు.

ఆ రోజు వార్తలాయన ఇంట్లో అద్దం ముందు నిలబడి ఏదో గొణుక్కుంటుంటే భార్య చూసింది.

"ఇన్నేళ్ల కాపురంలో నాతో ఊ, ఆ తప్ప అనలేదు. ఆ బార్బరు కోసం రిహార్సలా?" అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"చెబితే వాడు కూడా అదోలా చూస్తాడేమో. నువ్వా, అని."

"చూడనివ్వండి. రేపట్నుంచి చెప్పాలన్నా కుదరదు."

సెలూనులో ఎవరూ లేరు. రేడియోలో ఎవరో ముక్కుతో వార్తలు చదువుతున్నారు. "ఆయన లేడు బాబాయ్. వారం నుంచీ లేడు. ఈ పీనుగ గోల నేను భరించలేను" అంటూ బార్బరు దాన్ని కట్టేసి, అటు తిరిగి బ్రష్షు తడుపుకుంటున్నాడు.

వార్తలాయన కుర్చీలో కూర్చున్నాడు. "శ్రోతలందరికీ నమస్కారం. ముందుగా ముఖ్యాంశాలు" అన్నాడు.

"అదిగో, వచ్చాడు," అని బార్బరు వెనక్కి చూడకుండానే చెయ్యి చాపి రేడియో గొంతు పెంచబోయాడు. మీట దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది. రేడియో కట్టేసి ఉంది. అతను నెమ్మదిగా అద్దంలోకి చూశాడు.

"నువ్వా?"

"నేనే."

"ఇన్నాళ్లూ నోరుండి కూడా అన్నీ వింటూ కూర్చున్నావా? నా చెయ్యి సంగతి?"

"ఎవరికీ చెప్పలేదు. వార్తల్లోనూ చదవలేదు."

బార్బరు నవ్వలేదు. భుజం మీది తువ్వాలు తీసి విసిరికొట్టి, గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాడు. "మా అమ్మ పోయినప్పుడు నీ మీద పడి ఏడ్చాను. ఆ గొంతు పెట్టుకుని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది?"

మొహం గురించి అంటాడని ఇన్నాళ్లూ భయపడ్డాడు గానీ, ఈ దెబ్బ తగులుతుందని వార్తలాయన అనుకోలేదు. ఆయనకి సిగ్గేసింది.

"రేపు గొంతు తీసేస్తున్నారు. మెడ గీయించుకోవడానికొచ్చాను" అన్నాడు.

బార్బరు గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి తిరిగాడు. తర్వాత వచ్చి, కుర్చీని అద్దం వైపు నుంచి తన వైపు తిప్పుకుని, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అయితే ఇప్పుడను."

"ఏమనను?"

"అప్పుడు అనాల్సింది."

వార్తలాయన నోరు తెరిచాడు. "మీ అమ్మ పోయిందని విన్నప్పుడు నాకూ ఏడుపొచ్చిందిరా. నువ్వు చెప్పే ఆవిడ కబుర్లు విని విని ఆవిడ నాకూ తెలిసిన మనిషైపోయింది. ఆవిణ్ణి నువ్వు బాగా చూసుకున్నావు." అది వార్తలు చదివే గొంతు కాదు, మధ్యలో బొంగురుపోయింది. బార్బరు కళ్లు మూసుకోలేదు. ఆ బుగ్గల్నీ, ఆ చెవుల్నీ చూస్తూ మొత్తం విన్నాడు.

తర్వాత లేచి నురగ పట్టించి, కత్తి చేతిలోకి తీసుకున్నాడు. "వణుకుతోంది బాబాయ్. భయమేస్తే చెప్పు."

"రేపు కోసేవాళ్లకంటే నువ్వే నయం" అన్నాడు వార్తలాయన. ఆ సెలూనులో ఆయన ఆఖరి మాట అదే.

గాయం మానాక మెడకి మఫ్లరు చుట్టుకుని మళ్లీ వెళ్లాడు. బెంచీ మీదున్న కొత్త మనిషి ఏదో అడిగితే చేత్తో సైగ చేసి కుర్చీలో కూర్చున్నాడు.

"పాపం, మూగాయనా?" అని ఆ మనిషి బార్బరుని అడిగాడు.

"మూగేంటి? వార్తలాయన."

"ఈయనా? నేనేదో ఆరడుగుల మనిషి అనుకున్నానే."

"నేనూ అలాగే అనుకునేవాణ్ణి" అన్నాడు బార్బరు నురగ కలుపుతూ. "ఆ గొంతుకి అలాంటి మొహం నప్పేది కాదు."

వార్తలాయన అద్దంలో తన మొహం చూసుకున్నాడు.

"తల పైకెత్తు బాబాయ్" అన్నాడు బార్బరు.