ప్లంబరు కోసిన పైపు

పెరట్లో జామచెట్టు పోతే అక్కడ రేకుల షెడ్డు లేస్తుంది. షెడ్డు లేస్తే ప్లంబరు గదిలోంచి నలభై రెండు పైపులు బయటికి పోతాయి. అప్పుడతను కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఇల్లు ప్లంబరుదీ అతని అక్కదీ, మాట మాత్రం అక్కది. సైన్సు టీచరుగా ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి, తీర్పు కూడా పరీక్ష పెట్టే ఇస్తుంది.

“ఈ కాపు కూడా చప్పగా ఉంటే కొట్టేద్దాం. తియ్యగా ఉంటే మళ్ళీ చెట్టు జోలికి రాకు,” అంది.

మూడేళ్ళుగా కాయలు చప్పనే. ప్లంబరు నిశ్చింతగా ఉన్నాడు. ఈలోగా బావ, వరండాలో కుర్చీ వేసుకుని చెట్టును చూస్తూ పేపరు చదివే బావ, పిందె పడగానే ఎరువు మోయడం మొదలుపెట్టాడు. ఎరువుకు కాయ తియ్యబడితే ఇక షెడ్డు లేనట్టే.

ఇరవై ఏళ్ళ పని అతనికి ఒకటి నేర్పింది: పై అంతస్తుకు నీళ్ళెక్కే పైపు గోడ బయటే ఉంటుంది. చెట్టుకూ అంతే అనుకున్నాడు. అక్కా బావా ఊరెళ్ళిన పూట నిచ్చెన వేసి, కాయ ఎక్కువగా ఏ కొమ్మకుందో ఆ కొమ్మ మొదట్లో వేలెడు వెడల్పున బెరడు చుట్టూ చెక్కేశాడు. పైన గోనెపట్టా చుట్టాడు. లైను కట్.

వారం చూశాడు. ఆకు వాడలేదు. నెల చూశాడు. కాయ రాలలేదు సరికదా, ఊరింది. మిగతా కొమ్మలవి నిమ్మకాయంత ఉంటే ఆ కొమ్మవి పిడికిలి దాటాయి.

పరీక్ష రోజు అక్క ఆ కొమ్మదే కోసింది. ఒక ముక్క తింది, ఇంకో ముక్క తింది, నిచ్చెనెక్కింది. గోనెపట్టాతో దిగింది.

“బెరడు చెక్కి ఈ కొమ్మకి గాజు తొడిగిందెవర్రా?”

ప్లంబరు ఆకాశం కేసి చూశాడు. బావ ప్లంబరు కేసి చూశాడు. “చెట్టు మీద కక్ష ఉన్నవాడు ఈ ఇంట్లో ఒక్కడేగా, బామ్మర్దీ!”

“నీళ్ళ లైను కోశాననుకున్నానే అక్కా.”

“నీళ్ళెక్కేది లోపలి చెక్కలోంచిరా. బెరడులోంచి దిగేది తీపి. ఆకులు వండిన తిండి వేళ్ళకి పోయే దారి అది. నువ్వు దారి మూసేశావు. తీపంతా పైనే చిక్కుకుని కాయల్లోకి చేరింది.”

“ఎక్కే పైపేదో దిగే పైపేదో తెలీదు,” అన్నాడు బావ. “మా బాత్రూము కూడా నువ్వే వేశావు కదరా?”

“ఒక్క కొమ్మే కదే తీపి! మిగతావన్నీ గడ్డి. ఎక్కువమంది మాట వినొద్దూ?”

“వచ్చే ఏడు ఇంకో కొమ్మకి తొడుగు. అన్నిటికీ వద్దు. మొదలుకి అసలే వద్దు. వేళ్ళకి తిండి దొరక్క చెట్టే...”

అక్క నాలిక్కరుచుకుంది. ముగ్గురూ చెట్టు మొదలు కేసి చూశారు.

“ఊఁ, చెట్టే? చెప్పక్కా,” అన్నాడు ప్లంబరు. గొంతులో తేనె.

బావ వరండాలోకి వెళ్ళి కుర్చీ తెచ్చాడు. మొదలుకు ఆనించి వేసి, కూర్చున్నాడు.

“ఇవాళ్టి నుంచి నా కాపురం ఇక్కడే.”

ప్లంబరు వరండా కేసి చూశాడు. వెళ్ళి, కుర్చీ ఖాళీ చేసిన చోటును అడుగులతో కొలిచాడు.

“ఎన్నాళ్ళు కూర్చుంటావు బావా?”

“నీ బుద్ధి మారేదాకా.”

“అయితే జీవితాంతం కూర్చో,” అని ప్లంబరు మొదటి విడత పైపులు తేవడానికి గదిలోకి వెళ్ళాడు.