బాల్చీ తన్నడం

గాజు తలుపు దగ్గరికి రాగానే జురెమా అలవాటుగా ఆగింది. ఎడమచేతిలో బాల్చీ, చంకలో తుడుపుకర్ర. తలుపు మీద ఇంగ్లిష్‌లో 'పుష్' అని రాసి ఉంది, అంటే నెట్టమని. ఆమె మాట్లాడే పోర్చుగీసులో దాదాపు అలాగే పలికే మాటకు లాగమని అర్థం. ఈ వృద్ధాశ్రమంలో పనికి చేరిన కొత్తలో ఆర్నెల్లపాటు ఆమె ఆ తలుపును లాగుతూనే ఉంది. అవతల కూర్చున్న ఇంగ్లిష్ ముసలివాళ్ళు టీ తాగుతూ ఆ వేడుక చూస్తూనే ఉన్నారు. ఇప్పుడు రోజూ ఒక్క క్షణం ఆగి, నెట్టాలి, అని తనకు తాను చెప్పుకుని తుంటితో నెడుతుంది.

యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి, బరువైన నడక, బ్లీచింగ్ వాసన వదలని వేళ్ళు. బ్రెజిల్‌లోని మీనాస్ నుంచి పోర్చుగల్‌లోని ఈ అల్గార్వ్ తీరానికి వచ్చి పదిహేనేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఆమె గురించి చెప్పుకోదగ్గ సంగతంటూ ఎవరికీ దొరకలేదు. నేలలు మాత్రం అద్దంలా ఉండేవి.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి పరీక్ష. ముసలివాళ్ళతో ఇంగ్లిష్ మాట్లాడలేనివాళ్ళకు వచ్చే నెల నుంచి పని ఉండదని మేనేజరు డోనా ఫిలొమేనా తేల్చి చెప్పింది. ఈ వయసులో ఇంకో చోట పని ఎవరిస్తారు?

తూర్పువైపు చివరి గదిలో హాలమ్ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు అచ్చాఫీసులో తప్పులు దిద్దిన మనిషి. ఎర్ర పెన్సిలు ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు కనుక పోర్చుగీసు బాగానే చదువుతాడు. జురెమాకు ఇంగ్లిష్ నేర్పేది ఆయనే. ఆమె చారల పుస్తకంలో ఎడమవైపు ఇంగ్లిష్ మాట ఆయన రాస్తాడు. కుడివైపు అర్థం ఆమె రాయాలి. ఒప్పయితే ఎర్ర టిక్కు, తప్పయితే అడ్డగీత. అడ్డగీతలే ఎక్కువ. దిద్దడంలో ఆయనకు దయాదాక్షిణ్యాలు లేవు.

"జురెమా, ఈ వారంలో నేను బాల్చీ తన్నేస్తానేమో," అన్నాడు మెల్లగా.

ఆమె మొహం వికసించింది. ఇంగ్లిష్‌లో ఒక మాట తన ఊరి మాటలా వినబడటం ఇదే మొదలు. మీనాస్‌లో విసిగి వేసారి, ఇక చాల్లెమ్మని అన్నీ వదిలేసి పోయినవాణ్ణి బాల్చీ తన్నాడనే అంటారు.

"తన్నేయండి. మంచిది," అంది తనకొచ్చిన ఇంగ్లిష్‌లో. "నేనూ తన్నాను. ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు."

హాలమ్ తల తిప్పి చూశాడు. "అలాగా? ఎలా ఉందేమిటి?"

"మొదటిరోజు భయం. రెండోరోజు హాయి. ఒళ్ళంతా తేలిక."

"నొప్పి?"

"మోకాళ్ళు. బస్సులో, విమానంలో కలిపి ముప్పై గంటలు."

అప్పుడు అర్థమైంది ఆయనకు. నవ్వు మొదలై దగ్గులోకి తిరిగింది. జురెమా నీళ్ళు తాగించి, వీపు నిమిరింది. చొక్కాల మిల్లులో కుట్టుపనినీ, ఇంట్లో వల్దీర్ అనే మొగుడి సణుగుడునూ ఒకే సోమవారం వదిలేసి వచ్చిన కథ చెప్పింది. ఆమె జీవితంలో ధైర్యంగా చేసిన పని అదొక్కటే. దాని గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"ఎవరికీ చెప్పకుండానే వచ్చేశావా?"

"చెప్తే ఏడుస్తారు, అడ్డం పడతారు. గమ్మున వెళ్ళిపోవాలి."

ఆయన జేబులోని ఎర్ర పెన్సిలు తడుముకున్నాడు. "నాకు కొంచెం భయంగానే ఉంది, తల్లీ."

"భయమెందుకు? మీరెళ్ళేటప్పుడు తలుపు నేను పట్టుకుంటా. ఆ తలుపు సంగతి నాకు బాగా తెలుసు."

ఆయన ఆమె చేతిని ఓసారి తట్టి, పుస్తకంలో ఆ మాట రాసిచ్చాడు. కుడివైపు ఆమె ఎప్పుడూ లేనంత ధీమాగా అర్థం రాసి, దిద్దిపెట్టమని ఆయన ఒళ్ళో ఉంచి వెళ్ళింది. మెట్లు తుడుస్తుంటే ఒక్కసారి తుడుపుకర్ర ఆగింది. ఆయన నిజంగానే వెళ్ళిపోతే తనకెవరు నేర్పుతారు? ఆ ఆలోచనకు తనే సిగ్గుపడింది.

నాలుగింటికి ఫిలొమేనా దిండు, దుప్పటి, డాక్టరు అంటూ ఒక్కోదానికి ఇంగ్లిష్ మాట అడిగింది. అన్నీ చెప్పింది జురెమా.

"ఫర్వాలేదే, నోరు తిరుగుతోంది. తూర్పు గదుల్లో ఎవరెలా ఉన్నారో ఇంగ్లిష్‌లోనే చెప్పు."

"హాలమ్ గారు బాల్చీ తన్నేస్తారంట. తన్నేయండి, మంచిదన్నాను."

ఫిలొమేనా కలం ఆగింది. "నీకా మాటకి అర్థం తెలుసా?"

"మా ఊరి మాటే కదమ్మా. విసుగొచ్చి అన్నీ వదిలేసి పోవడం."

"మీ బ్రెజిల్‌లో ఏమో, ఇంగ్లిష్‌లో కాదు. ఇక్కడ మేం బూట్లు తాటించాడు అంటామే, అదీ. చచ్చిపోవడం."

జురెమా కుర్చీలోంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ఆ మోకాళ్ళతోనే మెట్లెక్కింది. మంచిదన్నాను. హాయన్నాను. గమ్మున వెళ్ళిపొమ్మన్నాను. గాజు తలుపు పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో, బలమంతా పెట్టి లాగింది. వెనకే వచ్చిన ఫిలొమేనా ఆమె భుజం మీదుగా చెయ్యి చాపి తలుపు నెట్టింది.

హాలమ్ కిటికీ వైపే తిరిగి ఉన్నాడు. తల కుర్చీ అంచుకు వాలింది. ఫిలొమేనా మణికట్టు పట్టి చూసి, చాలాసేపటికి వదిలింది.

"టీ వేళకి నేనొచ్చి చూశాను," అంది. "బాగానే ఉన్నాడు. తలుపు దగ్గరకు వేస్తానంటే వద్దన్నాడు. జురెమా పట్టుకుంటుందట."

జురెమా గోడకు ఆనుకుని కూర్చుండిపోయి, కొంగులేని ఏప్రాన్‌లో మొహం దాచుకుని ఏడ్చింది. ఫిలొమేనా ఆమెను లేవమనలేదు. తెల్లదుప్పటి తనే వెళ్ళి తెచ్చింది.

ఆయన ఒళ్ళో చారల పుస్తకం తెరిచే ఉంది. ఎడమవైపు 'బాల్చీ తన్నడం'. కుడివైపు జురెమా అక్షరాల్లో, 'చాలనుకుని, అన్నీ వదిలేసి, తేలికగా వెళ్ళిపోవడం'. దాని పక్కన, పేజీ అంచు దాటిపోయేంత పెద్ద ఎర్ర టిక్కు.