మిల్ రోడ్డులో లేని కాపురం

ఇంగ్లీషు క్లాసుకు వెళ్లిన మొదటి మంగళవారమే రమూనెకు ఆ టీచరు మీద అనుమానం పుట్టింది. పాఠం ఉచితం, టీ ఉచితం, బిస్కెట్లు కూడా ఉచితం. ఇంగ్లీషువాళ్ల దేశంలో, లింకన్‌షైర్ పొలాల్లో నాలుగేళ్లుగా క్యాబేజీలు కోసి పెట్టెలకెత్తుతున్న మనిషికి, ఊరికే వచ్చేది ఏదీ ఊరికే రాదని ఒకరు చెప్పాలా?

టీచరు పేరు థెల్మా. డెబ్బై ఏళ్లుంటాయి. బడి వంటగదిలో పనిచేసి రిటైరై, చర్చి వెనక హాల్లో బయటిదేశాల వాళ్లకు ఇంగ్లీషు మాటలు నేర్పుతోంది. బల్ల చుట్టూ ఎనిమిది మందిని కూర్చోబెట్టి ఒక్కొక్కరినే అడిగేది. మీరెక్కడుంటారు? ఇంట్లో ఎవరెవరుంటారు? పొద్దున ఎన్నింటికి బయల్దేరతారు? అడిగి, వచ్చిన జవాబును నోట్‌బుక్‌లో రాసుకునేది. మిగతా ఏడుగురూ నవ్వుతూ చెప్పేస్తుంటే రమూనె కళ్లు ఆ నోట్‌బుక్ మీదే ఉన్నాయి. ఇవి పాఠాలా? దొంగో పోలీసో అడగాల్సిన ప్రశ్నలు.

ఆమె భయం నిన్న మొన్నటిది కాదు. లిథువేనియాలో వాళ్లమ్మ పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఒకాయన కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చాడట. మర్యాదగా కూర్చుని, పెట్టిన రొట్టె తిని, ఇంట్లో ఎందరు, ఆవులెన్ని, పెద్దకొడుకు ఎక్కడ అని అడిగాడట. తాత అతిథి కదా అని అన్నీ చెప్పాడు. వసంతంలో సర్కారు లారీ వచ్చింది. దిగినవాడి చేతిలో ఇంటిల్లిపాది పేర్లూ వరసగా ఉన్నాయి. అందర్నీ సైబీరియాకు తోలేశారు. అక్కణ్నుంచి అమ్మ ఎనిమిదేళ్లకు తిరిగొచ్చింది, తాత రాలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా నాన్న నోరు మంచిదై ఊరే లేకుండా పోయిందని అమ్మ చచ్చేదాకా అంటూనే ఉండేది.

పైగా ఇప్పుడు దాచాల్సిందీ ఒకటుంది. చాపెల్ వీధిలో పదిహేడో నంబరు ఇల్లు రమూనె ఒక్కదాని పేరు మీదే అద్దెకు తీసుకుంది. చలికాలంలో రెండు నెలలుండి పోతానని వచ్చిన అక్క అల్దోనా, ఏడాది దాటినా ఇంటాయనకు చెప్పకుండా ఆ ఇంట్లోనే ఉంది.

అందుకని తన వంతు వచ్చినప్పుడు రమూనె, పొలానికి వెళ్లే బస్సులోంచి రోజూ కనిపించే నీలం తలుపు ఇంటిని తలచుకుని, "నలభై, మిల్ రోడ్డు" అంది. ఎవరితో ఉంటారంటే మొగుడితో అంది. పేరు పేత్రస్, వడ్రంగం చేస్తాడు.

ఒక అబద్ధం ఆడితే దాని సంసారమంతా మొయ్యాలి. పేత్రస్ పొద్దున ఏం తింటాడో, ఆ ఇంటికి మెట్లెన్నో, ఏ గదిలో ఏముందో థెల్మా వారంవారం అడుగుతూనే ఉంది. తడబడకుండా చెప్పాలంటే మాటలు కావాలి. రమూనె సాయంత్రాలు వంటింట్లో కూర్చుని బల్ల, బీరువా, రంపం, దుప్పటి అన్నీ వల్లె వేసేది. అల్దోనా పుస్తకం పట్టుకుని ఒప్పజెప్పించుకునేది.

"పెళ్లి చేసుకోవే అని ముప్పై ఏళ్లు బతిమాలాం. ఇప్పుడు ఇంగ్లీషులో చేసుకున్నావా?" అంది ఒకరోజు.

"ఇంగ్లీషు మొగుడే నయం అక్కా. బురద బూట్లతో ఇంట్లోకి రాడు."

వసంతం వచ్చేసరికి క్లాసులో అందరికన్నా ధారాళంగా మాట్లాడేది రమూనే. థెల్మా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు వెనక ఏముందా అని రమూనె మరింత ముడుచుకుంది. అంతలో ఒక మంగళవారం థెల్మా, మిల్ రోడ్డు మీదుగా వచ్చానని, మీ ఇంటి ముందు గులాబీలు బాగున్నాయని అంది. అయితే ఇల్లు కూడా చూస్తోందన్నమాట. రమూనె రెండు వారాలు క్లాసు ఎగ్గొట్టింది. మూడో వారం, వెళ్లకపోతే ఇంకా అనుమానిస్తుందని వెళ్లింది.

ఆ తర్వాతి శనివారం పొద్దున, బంగాళాదుంపలు చెక్కు తీస్తున్న అల్దోనా చేతిలోంచి కత్తి జారిపోయింది. గుండె పట్టుకుని, ఏదో చెప్పబోయి, గోడవారగా నేలమీదికి ఒరిగింది. ముఖం పిండిలా తెల్లబడింది.

రమూనె అంబులెన్సుకు ఫోన్ చేసింది. అవతల ఆడమనిషి గొంతు నెమ్మదిగా అడిగింది. మీ పేరేమిటి? ఎక్కడున్నారు? పక్కన ఎవరున్నారు? అచ్చం మంగళవారం ప్రశ్నలే. నోరు దానంతటదే నడిచింది.

"నలభై, మిల్ రోడ్డు" అంది రమూనె, ఒక్క అక్షరం తొట్రుపడకుండా.

బండి వస్తోంది, ఫోన్ పెట్టేయకండి అంది ఆ గొంతు. రమూనె అక్క తలను ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి సైరన్ వినిపించింది, దగ్గరైంది, వాళ్ల వీధి దాటి దూరంగా ఎక్కడో ఆగిపోయింది. ఇంకెవరింటికో కాబోలు అనుకుంది. ఇంతలో ఫోన్లో ఆ గొంతు, మావాళ్లు తలుపు కొడుతున్నారు, తీయగలరా అని అడిగింది.

అప్పుడు తెలిసింది ఆమెకు తనేం చేసిందో. అబద్ధం చెప్పానని చెబుదామంటే, అబద్ధాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలియదు. థెల్మా ఆ మాట నేర్పలేదు.

"అది నా ఇల్లు కాదు. క్లాసు ఇల్లు" అంది.

"ఏ ఇల్లండీ?"

"టీచరుకి చెప్పే ఇల్లు. నిజం ఇల్లు పదిహేడు. చాపెల్ వీధి. తొందరగా. మా అక్క."

తన సొంత ఇంటి నంబరును ఆమె ఇంగ్లీషులో పలకడం అదే మొదటిసారి. బండి ఆ మిల్ రోడ్డు నుంచి ఈ వీధికి రావడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎనిమిది నిమిషాలూ ఆమె అమ్మను తిట్టుకుంది, తాతను తిట్టుకుంది, థెల్మాను తిట్టుకుంది.

అల్దోనా బతికింది. గుండెలో ఒక మూల మాత్రం పాడైందని, ఇకమీద మెట్లెక్కకూడదని డాక్టరు చెప్పాడు. మంచం పక్కన నర్సు ఏమడిగినా అల్దోనా తనకు తెలిసిన నాలుగు ముక్కలతోనే సంబరంగా అన్నీ చెప్పేసేది. రమూనె ఆమె చెయ్యి గిల్లేది.

నిజం ఇల్లు చెప్పేసింది, ఇప్పుడు లారీ రావాలి. వారం చూసింది, రెండు వారాలు చూసింది. చివరికి ఇంటాయనే వచ్చి, అగ్రిమెంటులో అక్క పేరు కూడా రాయిద్దామన్నాడు. మీకెవరు చెప్పారని రమూనె గట్టిగానే అడిగింది. ఎవరో చెప్పడమెందుకు, ఏడాదిగా ఆవిడ కిటికీలో కూర్చుని స్వెటర్లు అల్లుకుంటూనే ఉంది కదా అన్నాడాయన.

తర్వాతి మంగళవారం హాల్లో అందరూ వెళ్లాక రమూనె ఆగి, పేత్రస్ లేడని, మిల్ రోడ్డు ఇల్లు తనది కాదని చెప్పింది.

"నాకు తెలుసమ్మా" అంది థెల్మా కప్పులు కడుగుతూ. "నువ్వు రెండు వారాలు రాకపోతే ఒంట్లో బాలేదేమోనని కేకు పట్టుకుని వెళ్లా. ఎవరో ముసలాయన తలుపు తీశాడు."

చూడటానికి వెళ్లిందన్నమాట, తను అనుకున్నది నిజమే. "మరి అడగలేదేం?" అంది రమూనె.

"అడిగితే మళ్లీ వచ్చేదానివా? మొగుడి గురించి అంత బాగా మాట్లాడుతుంటే నేనెందుకు అడ్డం రావాలి? అయినా నేనెవరికి చెబుతాననుకున్నావు?"

రమూనె మాటలు వెతుక్కుంది. వల్లె వేసిన బల్లా బీరువా రంపమూ దీనికి పనికిరాలేదు. "మా అమ్మ, చిన్న పిల్ల. ఒక మనిషి అడిగాడు, రాశాడు. లారీ వచ్చింది. తాత, తిరిగి రాలేదు."

థెల్మా నీళ్ల కుళాయి కట్టేసింది. తర్వాత చేతులు తుడుచుకుని, అబద్ధాన్ని ఇంగ్లీషులో ఏమంటారో చెప్పి, రెండుసార్లు పలికించింది.

ఆ పై వారం క్లాసులో కొత్తగా ఇద్దరు చేరారు. వాళ్ల కోసం థెల్మా పాత పాఠం మళ్లీ మొదలుపెట్టి, ముందుగా రమూనెనే అడిగింది, ఎక్కడుంటారని.

"చాపెల్ వీధి. మా అక్కతో" అంది రమూనె.

"ఎన్నో నంబరు?"

రమూనె కొత్తవాళ్లిద్దరినీ ఓసారి పరకాయించి చూసింది.

"ఆ వీధిలోనే" అంది.

థెల్మా తలూపి, పక్కవాళ్లను అడగడానికి తిరిగింది.