ఊటకు అడ్రసు చెప్పిన పార్వతీదేవి

తెల్లారితే చాలు, శామీర్‌పేట చెరువు వెనకనున్న ఆ కాలనీలో ఒకటే హడావుడి. మలుపులో ట్యాంకర్ హారన్ వినపడగానే పళ్ళు తోముకుంటున్నవాళ్ళు బ్రష్షు నోట్లోనే ఉంచుకుని పైపులు లాగుతారు. మా సంపు ముందంటే మా సంపు ముందని దెబ్బలాడుకుంటారు. ట్యాంకర్ వెళ్ళిపోయాక మళ్ళీ వదినా, పిన్నీ అని పలకరించుకుంటారు. ఈ గోల లేనిది ఒక్క హరిచందన ఇంటికే. ఆమె ఇంట్లో వాషింగ్ మెషిన్ పక్కన, టైల్సు పైకి లేపుకుని, ఊట పొంగుతూ ఉంటుంది. చప్పుడు చెయ్యదు, ఆగదు.

దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. పై పోర్షన్‌వాళ్ళకి మాత్రం ఒక ఫిర్యాదు ఉండేది, బకెట్లో రొయ్యపిల్లలు వస్తున్నాయని. "మేం నీచు తినమండీ, కాస్త వడకట్టి పోయండి" అనేవాళ్ళు. హరిచందన తల్లి పార్వతీదేవి నవ్వుతూ పాత చీరముక్క అడ్డం పెట్టి పోసేది.

ఆ ఊట పార్వతీదేవి వెంట వచ్చిందే. ఆవిడది సముద్రం ఒడ్డున, ఉప్పుటేరు పక్కనున్న పల్లె. అక్కడి మడ అడవిలో, చుట్టూ ఉప్పునీళ్ళు ఉండగా, ఒక్కచోట నేలలోంచి తియ్యటి నీళ్ళు ఊరేవి. ఆ తీపి ఉప్పులో కలిసిన మేరకే మడగింజలు మొలకెత్తేవి. సముద్రంలో చేపలు అక్కడికే వచ్చి గుడ్లు పెట్టేవి. కొంగలు తాగేవి, గేదెలు తాగేవి. ఊళ్ళో బావుల్లోకి ఉప్పు ఎక్కకుండా అడ్డం నిలబడ్డదీ ఆ ఊటే.

ఊరు విడిచి వెళ్ళే ఆడపిల్ల ఎవరైనా సరే, ముందు ఆ నీళ్ళలో చెయ్యి ముంచి "వెళ్ళొస్తా" అనాలి. అంతే అనాలి. ఎక్కడికో చెప్పకూడదు. చెప్తే ఊట లేచి వెనకే వస్తుంది, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడే ఉండిపోతుంది. ఈ సంగతి పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

పార్వతీదేవికీ తెలుసు. కానీ ఆవిడ భర్త పోయాక, తన దగ్గరికి వచ్చెయ్యమన్న కూతురు ఫోన్లో మరీ మరీ చెప్పింది. "అమ్మా, బస్టాండులో తప్పిపోతావేమో, అడ్రసు కంఠతా పట్టు." పాపం, ఆవిడ అన్నం వండుతూ అదే, పూలు కోస్తూ అదే. ఊట దగ్గరికి వెళ్ళి చెయ్యి ముంచినప్పుడూ నోట్లో అదే ఆడుతోంది. "శామీర్‌పేట చెరువు వెనక, మొదటి వీధి, నీళ్ళ ట్యాంకు పక్కిల్లు." నాలుక కరుచుకునేసరికే నీళ్ళు చేతికింద ఒక్కసారి కదిలాయి.

ఇక్కడ ఎక్కువైన నీళ్ళు మోరీలోంచి పారి కాలనీ వెనకున్న కుంటలో చేరాయి. అది ఏనాడో ఎండిపోయి ప్లాస్టిక్ కవర్లతో నిండిన కుంట. తుంగ మొలిచింది. తూనీగలు వచ్చాయి, నెమళ్ళు దిగాయి. ఎదురింటి బాలమణి రోజూ అక్కడే కూర్చునేది. ఈ కాలనీ నేలంతా ఒకప్పుడు వాళ్ళ పొలమే.

"గీడ మాకు గూడ ఊట ఉండెనక్కా" అంది ఒకరోజు. "మా మామ కాలంల వరి పండేది దానితోనే. మా ఇంటాయన జనార్ధన్ ప్లాట్లు జేసిండు, మొరం పోపిచ్చిండు. పోతున్నమని దానికి ఒక్క మాట జెప్పలె. అదెటు పోయిందో ఏమో."

"మీరెక్కడికీ పోలేదు కదా బాలమణీ, ఎదురింట్లోనే ఉన్నారుగా."

"గదేనక్కా నా పరేషాన్. మేం ఉన్నం, అదే పోయింది."

అప్పుడే ఊరినుంచి తమ్ముడు యజ్ఞనారాయణ ఫోన్ చేశాడు.

"అక్కా, బావినీళ్ళలో పప్పు ఉడకడం లేదే. అంతా ఉప్పు. గేదె మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. మడలు ఏటివైపు నుంచి ఎండుకొస్తున్నాయి. ఒక్క పీత లేదు, ఒక్క కొంగ లేదు. అడ్రసు చెప్పావా?"

"చెప్పాలని చెప్పలేదురా, వల్లె వేసుకుంటూ..."

"నిన్ను తిట్టడానికి చెయ్యలేదే. నువ్వొస్తే గాని అది రాదు."

అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. వెళ్తే ఇక ఆ ఊరు కదలకూడదు. ఒకసారి వెంటపడ్డ ఊట, కదిలితే చెప్పకపోయినా మళ్ళీ వెనకే వస్తుంది.

సంగతి విని బాలమణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పోవద్దని ఏ మొఖంతోని అంట అక్కా? గని కుంటల కప్పలు మొన్ననే గుడ్లు వెట్టినయ్. తోకకప్పలకు కాళ్ళు రానియ్యి. కాళ్ళొస్తే అవే యాడికన్న ఎగురుకుంట పోతయ్. అందాక ఆగు."

పార్వతీదేవి ఆగింది. రోజూ కుంటలోకి తొంగిచూసేది, రోజూ తమ్ముడికి ఫోన్ చేసేది. ఇక్కడ తోకకప్పలకు కాళ్ళు వస్తుంటే, అక్కడ మడచెట్లు వరసగా పడిపోతున్నాయి. రెండూ వింటూ, రెండూ చూస్తూ, ఆవిడ సగమైపోయింది.

కప్పపిల్లలు గట్టెక్కిన పొద్దున పార్వతీదేవి వాషింగ్ మెషిన్ పక్కన కూర్చుని నీళ్ళలో చెయ్యి ముంచింది. "మనింటికే. నీకు తెలిసిన దారే" అంది. నీళ్ళు ఒక్కసారి వణికి, నెమ్మదిగా దిగిపోయాయి. తడిసిన నేలమీద ఒక రొయ్యపిల్ల మిగిలితే, దాన్ని చెంబులో వేసుకుంది.

హరిచందన సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "దానికి చెప్పావు, సరే. నాకేం చెప్పి వెళ్తావమ్మా?"

తల్లి కూతురి చెంప మీద ఆ తడిచెయ్యే ఆనించింది.

"వెళ్ళొస్తా" అంది. అంతే అంది.

ఊట చేరేసరికి ఏటివైపు మడలు పోయాయి. ఊరివైపువి చిగురేశాయి. బావుల్లో ఉప్పు విరగడానికి వానాకాలం గడవాల్సి వచ్చింది. పార్వతీదేవి ఆ ఊరు మళ్ళీ దాటలేదు.

ఇక్కడ హరిచందన కూడా ట్యాంకర్ కోసం పైపు లాగుతోంది. కుంట బీటలు వారింది. బాలమణి మాత్రం అక్కడికి వెళ్ళడం మానలేదు. ఎండిన తుంగ మధ్య కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి, చిన్నగా చెప్తుంది.

"శామీర్‌పేట. చెర్వు ఎనక. జనార్ధన్ ఇల్లంటే ఎవరన్న జూపిస్తరు. ఏ ఊర్ల ఉన్నవో, ఇగ రా. మేం యాడికి పోలె."

కాసేపటికి చెయ్యి తీసి చూసుకుంటుంది. పొడిమట్టి దులుపుకుని ఇంటికెళ్తుంది.