లోపలి నుంచి మూసే తలుపు

రుష్దీ ఎడమకాలి చెప్పు తొడుక్కుంటుంటే వెనక నుంచి బహియ్యా అంది:

"ఇవాళ నలభయ్యో రోజు."

ఆమె కిటికీ దగ్గర నిలబడి తాడు కట్టిన బుట్టను రెండంతస్తుల కిందికి దింపుతోంది. కింద బండివాడు ఉడికించిన చిక్కుళ్ళ గిన్నె అందులో పెట్టాడు. ఆ ఇంటికి ఉప్పైనా రొట్టైనా వచ్చేది ఆ తోవనే.

"సాయంత్రం అసర్ నమాజుకి అక్కా వాళ్ళింట్లో ఖురాను చదువుతారు. నేనుండాలి. మధ్యాహ్నానికల్లా వచ్చి తలుపు బాగు చెయ్."

"వెళ్ళిరా. దానికీ తలుపుకీ ఏం సంబంధం?"

"నా వెనకాల ఎవరు మూస్తారు?"

పదకొండేళ్ళుగా ఇదే మాట. మేనకోడలి పెళ్ళికి పిలిచినప్పుడూ ఇదే. ఇల్లు కదలడం ఇష్టంలేని మనిషి సాకు అనుకునేవాడు అతను. నలభై రోజుల కిందట ఆమె అక్క వజీదా పోయిన కబురు పొద్దున్నే వచ్చింది. అతను పోర్ట్ సయీద్‌లో మంచాలు దించుతున్నాడు. చీకటిపడే వేళకి తిరిగొస్తే భార్య చాప మీద కూర్చుని ఉంది. అప్పటికే అక్కని మట్టిలో పెట్టేశారు. "ఎందుకు వెళ్ళలేదు?" అని కసిరాడు. ఆమె తలుపు వైపు చూసింది.

"మడతబందులు తెస్తాను. మధ్యాహ్నం," అన్నాడు మెట్లు దిగుతూ. వెనక ఎప్పటిలాగే ఒక మూలుగు, ధడేల్‌మని ఒక చప్పుడు. మూలిగేది తలుపే అనుకునేవాడు.

దమియెత్తా పట్నం సందుల్లో అతని చేతి తలుపు లేని మేడ అరుదు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. చెవుల మీది వెంట్రుకల్లో రంపపు పొట్టు స్నానం చేసినా పోదు. ఆ రోజు హాజీ బద్రావీ కొత్త ఇంటి సింహద్వారం బిగిస్తున్నాడు. మధ్యాహ్నపు నమాజుకి పిలిచే బాంగు వినబడగానే ఉలి కింద పెట్టి, చొక్కా దులుపుకున్నాడు. జేబులో రెండు ఇత్తడి మడతబందులు బరువుగా ఉన్నాయి.

అప్పుడే హాజీ వచ్చి తలుపు మీద అరచేత్తో చరిచాడు.

"ఏం మేస్త్రీ, మీ ఇంటి తలుపు గాలికి నాట్యమాడుతుందటగా? వడ్రంగి తలుపు ఊడిన తలుపని ఊరికే అన్నారా? నాదీ అంతేనా?"

రంగులు వేసేవాళ్ళు నవ్వారు. రుష్దీకి చెవుల దాకా మంట పాకింది. పాతికేళ్ళుగా ఆ సామెత ప్రతి టీ కొట్టు దగ్గరా అతని కోసమే కాచుకుని ఉంటోంది.

"నా తలుపు ఊడితే నా ఇంట్లోకి గాలొస్తుంది హాజీ. మీ తలుపు ఊడితే నా పేరు పోతుంది. ఏది ముందు చూసుకోమంటారు?"

అని మళ్ళీ చిత్రిక అందుకున్నాడు. కోపంతో పట్టాడు, పళ్ళు బిగించి పట్టాడు. సిగరెట్టు కాగితం తలుపుకీ ద్వారబంధానికీ మధ్య దూర్చి నాలుగు వైపులా నడిపించాడు. కింద ఒకచోట రవ్వంత పట్టింది. తలుపు దించాడు, చెక్కాడు, ఎక్కించాడు. మళ్ళీ దించాడు. ఎవరో ఎప్పుడో పక్కన పెట్టిన మంచినీళ్ళు పొట్టు పడి తేలుతున్నాయి. కాగితం నాలుగు వైపులా జారినప్పుడు, అసర్ బాంగు కూడా అయిపోయి చాలాసేపైందని తెలిసింది.

ఇంటికొచ్చేసరికి వెలుగు మెట్ల మీద నుంచి తప్పుకుంటోంది. తలుపు బార్లా తీసి ఉంది. ఎదురింటి ఉమ్మ్ అష్రఫ్ పీట వేసుకుని కాపలా కూర్చుని, ఆకుకూర వలుస్తోంది.

"ఎక్కడికి పోయింది?"

"నా మీద అరవకు మేస్త్రీ. నల్ల గౌను తొడుక్కుని మధ్యాహ్నం నుంచి చూసింది. అసర్ బాంగు వినగానే లేచింది. 'దొంగలొస్తే రానీ, ఉన్నది మోసుకుపోనీ' అని దిగిపోయింది."

"మూసి పోవచ్చుగా! ఇల్లు బజారు చేసి..."

ఆమె ఆకులు వలవడం ఆపింది.

"నువ్వు మూసి చూపించు. బయట నుంచి."

అతను గొళ్ళెం పట్టుకుని లాగాడు. పై మడతబందు ఊడిన తలుపు మూల గడప మీద కూలబడింది. ఎత్తుదామంటే బయట వైపు పట్టు లేదు. మూడుసార్లు లాగాడు, ఒకసారి తన్నాడు. మూసుకోలేదు.

"పొద్దున నువ్వు పోతావు, తను ఎత్తి మూస్తుంది. సాయంత్రం వచ్చి దగ్గుతావు, తను ఎత్తి తీస్తుంది. నువ్వెప్పుడు ఎత్తావు గనక?" అందామె. "కాపలా ఉంటానని నేనంటే, 'మొగుడు వడ్రంగి, కాపలాకి పొరుగావిడా?' అని సిగ్గుపడి చచ్చేది."

"వస్తానందా?"

"అలిగి వెళ్ళింది. రప్పించుకోవడం నీ పని."

ఆమె ఆకుల పళ్ళెంతో లోపలికి పోయింది. పోతూ పోతూ తన దీపం గుమ్మంలో పెట్టి పోయింది.

రుష్దీ లోపలికొచ్చి తలుపుని గోడ నుంచి ఇవతలికి లాగాడు. అడ్డపట్టీ కింద గుడ్డల ఉండ ఒకటి రోజూ కనబడేదే. గాలి రాకుండా కుక్కిన పేలిక అనుకునేవాడు. ఇప్పుడు ఎత్తబోయి భుజం ఆనిస్తే అది అతని ఛాతీ దగ్గరికి వచ్చింది. వంగాల్సొచ్చింది. పాత గౌను ముక్కలు మడతలు మడతలుగా పేర్చి, దట్టంగా కుట్టి, బహియ్యా నాలుగు మేకులతో కొట్టింది. మేకులు వంకరగా దిగాయి. వడ్రంగి ఇంట్లో సుత్తి ఆమె చేతికి అలవాటు కాలేదు.

తిట్టుకున్నాడు. హాజీని కాదు, సామెతనీ కాదు.

మడతబందులు బిగించడానికి పట్టిన సేపులో గ్లాసెడు టీ కూడా చల్లారదు.

బయటికొచ్చి ఒక్క వేలితో లాగాడు. చప్పుడు చేయకుండా మూసుకుంది. వజీదా ఇంటి వైపు వెళ్ళే బండి కోసం అతను మెట్లు దిగుతుంటే, లోపల చీకట్లో, ఇక ఎవరూ ఎత్తనక్కర్లేని తలుపుకి ఆ గుడ్డల మెత్త అలాగే ఉంది, నడుమ ఒక చిన్న భుజం పట్టేంత గుంటతో.