ఒక్కటే ఉన్న బ్యాగు

"బుకా లాపా, గోగో," ఇటు చూడు అవ్వా అని జులూలో అంది సావీ, ఎడమచెయ్యి పైకెత్తి.

స్టూలు మీద కూర్చున్న ముసలావిడ ఆ చేతివంక చూసింది. గడ్డం కాస్త పైకి లేచింది. సావీ మీట నొక్కింది. ఫ్లాష్ వెలిగి ఆరింది. ముసలావిడ రెప్ప వెయ్యలేదు.

ఆ పూటకి అది నలభై మూడో మొహం. ఏప్రిల్‌లో ఓట్లు. దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళతో సహా అందరూ వేసే మొదటి ఓట్లు. ఓటు వెయ్యాలంటే కార్డు కావాలి, కార్డుకి ఫోటో కావాలి. డెబ్భై ఏళ్ళ బతుకులో ఒక్కసారైనా ఫోటో దిగనివాళ్ళు చెరుకుతోటల్లోంచి కోంబీ వ్యాన్లు ఎక్కి వెరులం వచ్చి, హెరాల్డ్ స్టూడియో ముందు బెంచీ మీద వరసగా కూర్చుంటున్నారు.

సావీకి నలభై ఆరేళ్ళు. పొట్టిమనిషి. ఫోటోలు కడిగే మందునీళ్ళలో నాని నాని ఆమె గోళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. ఏళ్ళ తరబడి ఒక కన్ను మూసి చూడడంవల్ల ఎడమ కనుకొలకులో మూడు ముడతలు, కుడివైపు ఒక్కటీ లేదు. ఆ పక్కనే ఒట్టావా అనే పల్లెలో చెరుకు కంపెనీ కట్టిన గదుల్లో పుట్టింది. పదిహేడో ఏట పెళ్ళిఫోటోల్లో మచ్చలు దిద్దే పనికి ఈ స్టూడియోలో చేరింది. మిల్లులో పనిచేసే భర్త చనిపోయాడు. పిల్లలు లేరు. స్టూడియో మాత్రం అలాగే ఉంది.

తెరవెనక చీకటిగదిలోంచి కష్మీరా నవ్వు వినిపించింది. యజమాని హెరాల్డ్ ఏదో అన్నట్టున్నాడు. సావీ నెగెటివుని కత్తిరిస్తూ అవసరమైనదానికన్నా గట్టిగా నొక్కింది.

అది కష్మీరాకి చివరిరోజు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఐదేళ్ళ కిందట వచ్చినప్పుడు కెమెరాలో ఫిల్ము ఎక్కించడం కూడా రాదు. సావీయే నేర్పింది. సోమవారం నుంచి డర్బన్‌లో ఒక పత్రికకి ఫోటోగ్రాఫరు. హెరాల్డ్ తానే కూర్చుని సిఫారసు ఉత్తరం టైపు చేసి ఇచ్చాడు. ఆ హెరాల్డే పందొమ్మిది వందల ఎనభై ఏడులో వచ్చిన వరదల్లో, తెగిపోయిన వంతెన అంచున బోర్లా పడుకుని సావీ తీసిన ఫోటో పత్రికలో వచ్చినప్పుడు, కింద స్టూడియో పేరు ఒక్కటే వేయించాడు. ఆవిణ్ణి ఇంకో రెండు రోజులు పంపగలరా అని పత్రికవాళ్ళు ఫోన్ చేస్తే, ఆడమనిషి, పంపను అన్నాడు. సావీని అడగనైనా అడగలేదు.

ఇప్పుడు కాలం మారిందంటున్నాడు. మారిన మాట నిజమే. ఒకరికి ఇరవై నాలుగో ఏట మారింది, ఒకరికి నలభై ఆరో ఏట. జనవరిలో సావీ కూడా ఎనిమిది ఫోటోలు కవర్లో పెట్టి, ఎవరికీ చెప్పకుండా అదే పత్రికకి పంపింది. జవాబు రాలేదు. కష్మీరాకి వారంలో వచ్చింది.

మధ్యాహ్నం కష్మీరా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "అక్కా, లెస్లీ షాప్‌కి పోదామా? కెమెరాకి బ్యాగ్ తీసుకోవాల. నాకేం తెలీదు. నువ్వు చూపిస్తే అదే."

సావీ ఓవర్‌కోటు, పనిలో వేసుకునేది, విప్పి మేకుకి తగిలించింది.

లెస్లీ షాపులో సూటుకేసులు, స్కూలు సంచులు, గొడుగులు. కెమెరా బ్యాగులు రెండే. ఒకటి నల్లది, పెద్దది. ముందువైపు పసుపుపచ్చ అక్షరాలతో 'ఫోటో' అని రాసి ఉంది. రెండోది చిన్నది, ఆకుపచ్చ కాన్వాసుది. అది పైఅరలో ఏడు నెలలుగా ఉంది. ఆ సంగతి సావీకి తెలుసు. శుక్రవారాలు బస్సుకి వెళ్తూ ఆగి, లెస్లీ చేత దించుకుని, మూతకింద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ ఇచ్చేసేది. ఎన్నడూ కొనలేదు. కొని అందులో ఏం పెట్టుకుంటుంది? ఐడీ ఫోటోలు తీసే కెమెరా స్టాండుకి బిగించి ఉంటుంది.

లెస్లీ పైఅరవంక చూశాడు, తర్వాత సావీవంక చూశాడు.

"పెద్దది తీసుకో," అంది సావీ. "పేపరోళ్ళు అందరూ పెద్దదే ఏస్తారు."

కష్మీరా దాన్ని భుజానికి తగిలించుకుంది. భుజం వంగింది. అయినా అద్దంలో చూసుకుని మురిసిపోయింది. "సోమవారమే క్వామషులో ఓట్ల మీటింగ్, అక్కా. ఫస్ట్ డే. చాలా జనం వస్తారంట." ఫోటో తీస్తున్నట్టు మోకాలిమీద కూర్చుంది. బ్యాగు ముందుకి ఊగి మోకాలికి కొట్టుకుంది. రెండో లెన్సు తీస్తున్నట్టు ఒక జిప్పు లాగింది, తల వంచి లోపలికి చూసింది, ఇంకో జిప్పు లాగింది. సావీ మనసులో లెక్కపెట్టింది. తొమ్మిది సెకన్లు. అంత జనంలో, అరుపుల మధ్య, తొమ్మిది సెకన్లు ఆ పిల్ల తల వంచుకుని ఉంటుంది. వెనక ఎవడున్నాడో చూడదు.

అప్పుడు సావీకి కలిగింది ప్రేమ కాదు. ఆ విషయంలో తర్వాత కూడా ఆమె తనకి తాను అబద్ధం చెప్పుకోలేదు. సరిగ్గా కడగని ఫోటోని ఎవరైనా ఆరేస్తుంటే వచ్చే కోపం లాంటిది వచ్చింది.

"తియ్యి అది," అంది. "లెస్లీ, పైది దించు."

లెస్లీ దించాడు. సావీ దాన్ని కష్మీరా తుంటిమీద ఆనించి, పట్టీ సరిచేసింది.

"చూడు. మూత బయటికి తెరుచుకుంటది, నీ ఒంటివైపు కాదు. చెయ్యి లోపలికి పోవాల, కన్ను పోకూడదు. పట్టీ అడుగుదాకా కుట్టినారు, ఎవడు లాగినా ఊడదు. లంచ్ బ్యాగ్ లాగుంటది. లంచ్ బ్యాగ్ కోసం ఎవడూ కొట్టడు."

"లెన్సులు మూడున్నయ్ అక్కా. ఇందులో రెండే పడతయ్."

"రెండు చాలు. దూరమైతే నడిచి దగ్గరికి పో."

కష్మీరా మూతకింద చెయ్యి పెట్టి, అద్దంలో తన మొహమే చూసుకుంటూ, షాపులో కూరిన కాయితం పక్కలనుంచి లోపలి అరలు ఒక్కొక్కటే తడిమింది. "ఇంకొకటి ఉందా ఇట్లాంటిది?" అని లెస్లీని అడిగింది. లేదన్నాడు. ఆ రకం ఇక రాదన్నాడు. సావీ గొడుగులవంక చూస్తూ నిలబడింది.

తిరిగి వస్తుంటే కోంబీ స్టాండు దగ్గర కష్మీరా నడక నెమ్మదించింది. "నీ లెటర్ కూడా ఆ పేపరోళ్ళకి పోయింది కదా, అక్కా. ఇంటర్వ్యూలో చెప్పినారు. ఒక్క స్టూడియో నించి రెండు వచ్చినయ్ అని."

సావీ మొహం వేడెక్కింది. రెండు నెలలుగా ఈ పిల్లకి తెలుసు. తెలిసే రోజూ పక్కన నిలబడి పనిచేసింది. తెలిసే బ్యాగు చూపించమంది.

"నాదానికేమన్నారు?" అడగకూడదనుకుంటూనే అడిగింది.

"ఆ బ్రిడ్జి ఫోటో వాళ్ళ గోడమీద ఉంది, ఫ్రేమ్ కట్టి. స్టూడియో పేరే ఉంది కింద. నేను చెప్పినా, అది మా అక్క తీసింది అని."

"అయితే?"

కష్మీరా బ్యాగు పట్టీ సవరించుకుంది. "ఒకాయన, ఓహ్, అన్నాడు."

"అంతేనా?"

"అంతే, అక్కా."

ఉమ్‌హ్లాలి, ఉమ్‌హ్లాలి అని వెళ్ళే ఊరిపేరు పిలుస్తూ ఒక కోంబీ కదిలింది. దాని దుమ్ము తగ్గేదాకా ఇద్దరూ నిలబడ్డారు. "పద," అంది సావీ. "బెంచీ నిండుంటది."

నిండే ఉంది. నాలుగింటిలోపల ఇంకో పందొమ్మిది మొహాలు. చివరి మనిషి వెళ్ళాక కష్మీరా స్టూలు దగ్గర నిలబడి, కొత్తబ్యాగులో కూరిన కాయితం మొత్తం ఒకే ముద్దగా బయటికి లాగి స్టూలుమీద పెట్టింది. సావీ చెప్పినట్టే కెమెరాని లెన్సు కిందికి వచ్చేలా బ్యాగులోకి దించింది. హెరాల్డ్ కరచాలనం చేసి లోపలికి పోయాడు. కష్మీరా సావీని కావలించుకుంది. బ్యాగు ఇద్దరి మధ్యా పడి సావీ పక్కటెముకల్లో గుచ్చుకుంది.

"ఫోన్ చేస్తా, అక్కా."

"చెయ్యి. భద్రం."

కిటికీ అద్దంలోంచి సావీ చూసింది. రోడ్డుమీద పిల్ల నడుస్తోంది. బ్యాగు తుంటిమీద కదలకుండా కూర్చుంది, చెయ్యి మూతమీద ఉంది. పక్కనుంచి పోయేవాళ్ళు ఒక్కరూ దానివంక చూడలేదు. ఎంచిన బ్యాగు సరైనదే. తనకైతే పట్టీ ఇంకో రెండు చిల్లులు పొట్టి చెయ్యాల్సి వచ్చేది. ఆ మాట మనసులోకి వచ్చాక చాలాసేపు పోలేదు. కష్మీరా మూలమలుపు తిరిగింది.

లోపలినుంచి హెరాల్డ్, స్టూలుమీది చెత్త తీసెయ్యమన్నాడు. సావీ వెనక్కి తిరిగింది. ఏడు నెలలు బ్యాగులో బిగిసి ఉన్న ఆ గోధుమరంగు కాయితం ఒరిగిపోలేదు. నాలుగు మూలలతో, పైన మూత వంపుతో, పక్కన కెమెరా అర పట్టేంత పల్లంతో, ఎవరో ఇప్పుడే భుజంనుంచి దించి పెట్టినట్టు స్టూలుమీద నిలబడి ఉంది.